డాక్టరు గారి పక్కలైటు

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 1957లో, నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌లోని ప్రభుత్వ మోటారు వర్క్‌షాపుకు బదిలీ చేశారు. హోదా ఎలక్ట్రికల్ చార్జిమన్. మేస్త్రీకి పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే ఉద్యోగం. జిల్లాలో తిరిగే సర్కారు జీపుల, లారీల బ్యాటరీలు, డైనమోలు, లైట్లు, హారన్లు నా సెక్షన్ కిందికి వచ్చేవి. దీనికి తోడు మరొక బాధ్యత ఉండేది. ఎక్కడైనా ప్రమాదం జరిగితే బండిని ముందు మోటారు ఇన్‌స్పెక్టర్ చూసేవారు. ఆయనకు అనుమానం ఉండి కోరితే ఆ బండిని మేము విప్పి చూసి, లోపం ఉందో లేదో రాసి ఇవ్వాలి. ప్రైవేటు బండి అయినా సరే. ఆ నివేదిక కోర్టుకు పోతుంది.

ఆ ఏడు వానకాలం చివర్లో ఇన్‌స్పెక్టర్ స్వయంగా మా షెడ్డుకు వచ్చారు. ఉట్నూర్‌లో ప్రాక్టీసు చేసే నర్సింగరావు డాక్టరు గారు కారు ప్రమాదంలో పోయారని అప్పటికే అందరికీ తెలుసు. ఏజెన్సీ గూడేలకు కారు వేసుకుని వెళ్లి వైద్యం చేసే డాక్టరు ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కరే. ఒక గూడెం నుంచి తిరిగి వస్తుంటే, అడవిలో చీకటి పడ్డాక, వాగు మలుపు దగ్గర కారు రోడ్డు దిగి రాళ్ల మీద పడింది. పక్క సీట్లో ఉన్న డాక్టరు గారి తలకు దెబ్బ తగిలింది. జనం లాంతర్లు పట్టుకుని వచ్చేలోపే ప్రాణం పోయింది. కారు నడిపిన ఖాజా మియాకు మెడ కింది ఎముక విరిగింది.

ఖాజా మియా చెప్పేది ఒకటే మాట. మలుపు తిరుగుతుంటే హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయని. మరునాడు ఇన్‌స్పెక్టర్ అక్కడికి వెళ్లి స్విచ్చి తిప్పి చూశారు. ఎడమ లైటు పగిలిపోయి ఉంది. కుడి లైటు మాత్రం నిక్షేపంగా వెలిగింది. చూసింది చూసినట్టు రాసుకున్నారు. దాంతో పోలీసులు ఖాజా మీద నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీశాడని కేసు పెట్టారు.

"నేను తప్పు రాయలే. కానీ మనసొప్పుతలేదు. ఇన్నేండ్లల్ల ఒక్క కోడిపిల్లను గూడ తొక్కని మనిషి. ఒకసారి నువ్వు విప్పి చూడు" అన్నారు ఇన్‌స్పెక్టర్. తన పరీక్ష మీద తానే రెండో పరీక్ష అడిగే అధికారిని నేను సర్వీసులో ఎక్కువ మందిని చూడలేదు.

కారును తీసుకురావడానికి లారీతో ఉట్నూర్ వెళ్లాను. దాన్ని అప్పటికే ఎడ్లతో లాగించి డాక్టరు గారి ఇంటి ఆవరణలో పెట్టారు. యుద్ధానికి ముందు తయారైన ఇంగ్లీషు కారు. ముందు భాగం నొక్కుకుపోయి ఉంది. మేము దాన్ని లారీకి ఎక్కిస్తుంటే డాక్టరు గారి భార్య సుగుణమ్మ గారు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. నలభై ఏళ్ల లోపు మనిషి. ఎందుకు తీసుకుపోతున్నామో చెప్పాను.

"ఏం చూస్తరు దాంట్ల? ఖాజా కునికిండు. గంతే. ఇప్పుడు లైట్లని కథలు చెప్తుండు" అన్నారామె. "ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నడు. నిద్రొచ్చింది, తప్పయింది అమ్మా అంటే నేను సగం మరిచిపోదును. అబద్ధం చెప్తుండు చూడుండ్రి, గది నాకు పడుతలేదు" అని లోపలికి వెళ్లిపోయారు.

షెడ్డులో పని మొదలుపెట్టాను. పాత కార్లలో లైట్ల ఏర్పాటు చాలా సాదా. బ్యాటరీ నుంచి కరెంటు ఆమ్మీటరు గుండా డాష్‌బోర్డు మీది స్విచ్చికి వస్తుంది. అక్కడి నుంచి వెలుగును కిందికి దించడానికి కాలికింద ఉండే డిప్ స్విచ్చికి, అక్కడి నుంచి రెండు లైట్లకు. తిరుగుదారి బండి ఇనుప చట్రమే. దాన్ని ఎర్త్ అంటాం. లైటు పోయిందంటే ఈ దారిలో ఎక్కడో తెగి ఉండాలి. రెండు లైట్లూ ఒకేసారి పోయాయంటే, రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోటనే తెగి ఉండాలి. అంటే బ్యాటరీకీ డిప్ స్విచ్చికీ మధ్య. అందుకని ముందు బల్బుల జోలికి పోకుండా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బ్యాటరీ కొనలు గీకి చూశాను. ఎర్త్ పట్టీ గట్టిగానే ఉంది. డిప్ స్విచ్చిలో బురద చేరినా కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయి. వైరును టెస్ట్ ల్యాంపుతో జానెడు జానెడు పట్టి చూశాను. ఎక్కడా తెగలేదు. డాష్‌బోర్డు స్విచ్చి తిప్పితే కుడి లైటు వెలిగింది. చాలాసేపు అలాగే వెలగనిచ్చాను. ఆరలేదు. ఆ రోజుకు ఇన్‌స్పెక్టర్ రాసిందే సరైనదిగా కనిపించింది.

పగిలిన ఎడమ లైటు విప్పినప్పుడు ఒక చిన్న విషయం దొరికింది. బల్బు గాజు రాయి తగిలి పగిలింది. లోపలి సన్నని తీగ తెగి, ఒక ముక్క దాన్ని పట్టి ఉంచే కంబికి వేలాడుతూ ఉంది. ఆ ముక్క వెండిలా మెరుస్తోంది. వెలుగుతున్న బల్బు పగిలితే ఎర్రగా కాలుతున్న ఆ తీగకు గాలి తగిలి, అది క్షణంలో మాడి బూడిద పట్టినట్టు అవుతుంది. ఆరి ఉన్న బల్బు పగిలితే తీగ తెగినా మెరుపు పోదు. అంటే కారు రాళ్లను తాకిన క్షణంలో ఆ లైటు వెలగడం లేదు.

ఖాజా చెప్పింది నిజమే కావచ్చునని అప్పుడు మొదటిసారి అనిపించింది. కానీ ఇది కోర్టులో చాలదు. అసలు లైట్లు వేసుకోనేలేదేమో అని అడిగితే జవాబు లేదు. ఎందుకు ఆరాయో చూపించాలి.

ఎడమ లైటుకు కొత్త బల్బు వేసి, రెండూ వెలిగించి మళ్లీ చూశాను. ఆరలేదు. డాష్‌బోర్డును చెక్క సుత్తి పిడితో తట్టాను. అయినా ఆరలేదు. నేను ఏదో ఒకటి వదిలేసి చూస్తున్నానని మాత్రం తెలుస్తోంది. పరీక్షలో బండి మీద ఉన్న బరువు, రోడ్డు మీద ఉన్న బరువు ఒకటి కావు. ఇక్కడ బరువు అంటే కరెంటు బరువు. ఎన్ని లైట్లు కలిసి లాగితే అంత.

బండి కింద పడుకుని ముందు వైపు మళ్లీ వెతికాను. ఎడమ బంపరు పక్కన ఇనుప పట్టీకి రెండు కొత్త రంధ్రాలు ఉన్నాయి. వాటి చుట్టూ రంగు గుండ్రంగా అరిగి ఉంది. అక్కడ ఏదో బిగించి ఉండేది. అక్కడికే ఒక వైరు చట్రం వెంట వచ్చి చివర తెగి ఉంది. తెగిన చోట రాగి తీగలు మెరుస్తున్నాయి, దుమ్ము పట్టలేదు. ఆ వైరు రెండో కొనను వెతుక్కుంటూ పోతే డాష్‌బోర్డు స్విచ్చి వెనకాల, హెడ్‌లైట్ల వైరు ఉన్న అదే మరమేకుకు చుట్టి ఉంది.

ఖాజా మియా అప్పటికి జామీను మీద బయట ఉన్నాడు. స్వస్థలం భైంసా అయినా కేసు కోసం ఆదిలాబాద్‌లో బంధువుల ఇంట ఉంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ అనుమతితో పిలిపించాను. చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకుని వచ్చాడు. గడ్డం నెరిసిన, సన్నటి మనిషి. కారు దగ్గరికి రాకుండా షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఖాజా భాయ్, ఎడమ దిక్కు ఇంకో లైటు ఉండె గద. అదేమైంది?" అని అడిగాను.

మెల్లగా చెప్పాడు. "వాగుల పారేసిన సాబ్."

"ఎప్పుడు?"

"డాక్టర్ సాబ్‌ను మంచం మీద ఊళ్లెకు మోసుకపోయినంక. తెల్లారంగ. ఇన్‌స్పెక్టర్ సాబ్ రాకముందు. గీ చేత్తోటి విప్పిన."

విరిగిన ఎముకతో, రెండో చేత్తో నట్లు విప్పి, వైరు తెంపి, తనను కాపాడగలిగిన ఒక్క వస్తువును తానే వాగులో వేశాడన్నమాట. ఎందుకు అని అడిగితే ముందు ఆ లైటు ఎలా వచ్చిందో చెప్పాడు.

"పోయిన ఏడు వానకాలం ఒక గూడెపాయన పెండ్లాన్ని మంచం మీద తెచ్చి తొవ్వ పక్కన కూసున్నడు. కాన్పు కష్టమైంది. మా కారు వస్తదని తెలుసు. చెయ్యెత్తిండంట. మాకు కనబడలే సాబ్. లైటు సీదా తొవ్వ మీదనే పడతది గద. పక్కకు పడది. మేం ముందుకు పోయినం. ఆమె పానం అక్కడనే పోయింది. డాక్టర్ సాబ్‌కు తెలిసినంక బువ్వ ముట్టలే. హైదరాబాద్ పోయి గా లైటు తెచ్చిండ్రు. తొవ్వ పక్కన నిలబడ్డోళ్లు కనబడాలె ఖాజా అన్నరు. తనే బిగించిండ్రు. నన్ను ముట్టుకోనియ్యలే."

లైటు పెట్టినప్పటి నుంచి స్విచ్చి వేడెక్కుతున్న సంగతి ఖాజా గమనించాడు. ఒకసారి వేలు కాలిందని కూడా డాక్టరు గారికి చెప్పాడు. ఆదిలాబాద్ పోయినప్పుడు చూపిద్దాం అన్నారట ఆయన. అప్పుడు జ్వరాల రోజులు. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పోవడమే సరిపోయింది.

మా స్టోరులో ఉన్న అదే రకం లైటు ఒకటి తెచ్చి ఆ పట్టీకే బిగించి, తెగిన వైరుకు కలిపాను. షెడ్డు తలుపులు మూసి, కిటికీలకు తాటిపత్రి గుడ్డలు కట్టించాను. పగటి పూటే లోపల చీకటైంది. ఇన్‌స్పెక్టర్ ఒక పక్క, ఖాజా ఒక పక్క నిలబడ్డారు. బ్యాటరీ తగ్గకుండా చార్జరు కలిపి, మూడు లైట్లూ వెలిగించాను. ఎదురు గోడ తెల్లబడింది. పక్కలైటు వెలుగు గోడ ఎడమ మూల దాకా, అక్కడ పెట్టిన టైర్ల వరకూ పరుచుకుంది.

మొదట ఏమీ కాలేదు. కొంతసేపటికి స్విచ్చి మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఇంకొంతసేపటికి చెయ్యి పెట్టలేకపోయాను. స్విచ్చిలోని ఎబొనైటు, అంటే గట్టి రబ్బరు, కాలిన వాసన వచ్చింది. అప్పుడు గతుకుల రోడ్డు మీద అదిరినట్టు డాష్‌బోర్డును పిడితో తట్టాను.

మూడు లైట్లూ ఒక్కసారి ఆరిపోయాయి.

"అగో" అని చీకట్లో ఖాజా గొంతు వినబడింది. "అగో సాబ్, గట్లనే. గట్లనే పోయినయి. డాక్టర్ సాబ్ ఖాజా అని ఒక్కసారి పిలిచిండ్రు. గంతే."

తలుపు తీయించేసరికి అతను నేల మీద కూర్చుని, బాగున్న చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. స్విచ్చి చల్లారాక మళ్లీ తిప్పి చూశాను. లైట్లు మామూలుగా వెలిగాయి.

స్విచ్చి విప్పితే కారణం కంటికి కనబడింది. ఆ కారు ఆరు వోల్టుల బండి. వోల్టులు తక్కువైతే అంతే వెలుగుకు ఎక్కువ కరెంటు లాగాలి. స్విచ్చిలో ఒక సన్నని ఇత్తడి నాలుక ఉంటుంది. అది రెండు లైట్ల బరువుకు చేసింది. మూడో లైటు కూడా దాని గుండానే లాగడంతో ఏడాది పొడుగునా వేడెక్కి, దాని బిగువు పోయింది. దాన్ని పట్టుకున్న రివెట్టు చుట్టూ ఎబొనైటు కుంచించుకుపోయి వదులైంది. వేడి మీద కుదుపు తగిలితే నాలుక పైకి లేస్తుంది. చల్లబడితే తిరిగి వాలి తాకుతుంది. ప్రమాదం తర్వాత రాత్రంతా చల్లారిన స్విచ్చిని, పక్కలైటు లేకుండా ఇన్‌స్పెక్టర్ తిప్పారు. అది వెలగడంలో వింత లేదు.

నేను రాయడానికి కూర్చునే ముందు ఖాజా నా బల్ల దగ్గరికి వచ్చాడు. లైట్లు ఆరిపోయాయని రాయమన్నాడు. స్విచ్చి పాతదని రాయమన్నాడు. "గా పక్కలైటు ముచ్చట ఎందుకు సాబ్? సాబ్ తన చేత్తోటి బిగించిన దాంతోనే సాబ్ పానం పోయిందని తెలిస్తే అమ్మ ఎట్ల బతుకుతది? నా మీద కోపం ఉంటే ఉండనియ్యిండ్రి."

"అది ఇడిచిపెట్టి రాస్తే నిలబడది ఖాజా భాయ్. కోర్టుల రెండు లైట్లు పెట్టి ఆర్పి చూపుమంటరు. రెండు లైట్లకు గీ స్విచ్చి పోదు. అప్పుడు నువ్వు అబద్ధం ఆడినట్టే అయితది."

"అయితే అయితది. జైలుకు పోత. అమ్మకైతే తెల్వద్దు."

అతనితో వాదించలేదు. సాంకేతిక నివేదికలో సగం నిజం రాసే వీలు లేదు. మూడో లైటు ఉండిందని, దాని వైరు ఎక్కడ కలిపి ఉందో, పరీక్షలో ఏం జరిగిందో, ఎవరి ఎదుట జరిగిందో రాశాను. ఎవరు బిగించారన్నది నా నివేదికకు సంబంధం లేని విషయం, కనుక రాయలేదు. కానీ కోర్టులో ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. సుగుణమ్మ గారు నలుగురి మధ్య నిలబడి దాన్ని వినాల్సి వస్తుంది. నివేదిక చేరవేశాక ఇన్‌స్పెక్టర్‌ను అడిగి, ఆయన సరేనన్నాక ఉట్నూర్ వెళ్లాను.

ఆమె మందుల గదిలో సీసాలు పెట్టెల్లో సర్దుతున్నారు. కరీంనగర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయే ఏర్పాటు. నేను నిలబడే చెప్పాను. బల్బు తీగ సంగతి, స్విచ్చి సంగతి, పక్కలైటు సంగతి. ఖాజా దాన్ని ఎందుకు వాగులో వేశాడో కూడా చెప్పాను. ఆమె చేతిలో ఉన్న సీసాను గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు.

"గా లైటు బిగించిన నాడు ఇంట్లనే ఉన్న. స్క్రూలు ఒక్కటొక్కటి నేనే అందిచ్చిన" అన్నారు చివరకు. "లైటు వేసి చూపిచ్చిండ్రు. గోడ పొంటి మల్లె చెట్టు దాకా కనబడ్డది. మంచిగున్నదని నేనే అన్న."

వైరు వేరే స్విచ్చికి కలిపి ఉంటే ఏమీ అయ్యేది కాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని చెప్పకుండా ఆపుకున్నాను.

"ఖాజా మీద కోపం పెట్టుకొని గిన్ని దినాలు లేచిన, కూసున్న" అన్నారామె. "పొద్దున లేస్తే వాన్ని తిట్టుకునేదాన్ని. గా కోపమన్న ఉండె. ఇప్పుడు గది గూడ తీసుకపోయిండ్రు మీరు. ఇగ ఎవరి మీద పెట్టుకోను?"

అది నా మీద నింద కాదు. నిజంగానే అడిగారు. ఆమె సీసాను పెట్టెలో పెట్టి, ఖాజాను పంపించమన్నారు.

కోర్టులో కేసు నిలవలేదు. స్విచ్చిని బల్ల మీద పెట్టి నేను సాక్ష్యం చెప్పాను. ఇన్‌స్పెక్టర్ తన మొదటి పరీక్ష ఎందుకు సరిపోలేదో తానే లేచి చెప్పారు. ఖాజా మియాను వదిలేశారు. మేజిస్ట్రేటు ఆ మాట చదువుతుంటే అతను తల ఎత్తలేదు.

ఖాజా ఉట్నూర్ వెళ్లాడని తర్వాత విన్నాను. ఆమె అన్నం పెడితే ముందర కూర్చున్నాడట కానీ ముద్ద దిగలేదట. కారు బాగు చేయించి నువ్వే ఉంచుకో అని ఆమె అంటే చేతులు జోడించాడట. వారంలోపే ఆమె కరీంనగర్ వెళ్లిపోయారు. మళ్లీ ఉట్నూర్‌లో గూడేలకు కారు వేసుకుని పోయే డాక్టరు నేను అక్కడ పని చేసినంత కాలం రాలేదు. జబ్బు చేసిన వాళ్లను మంచాల మీద మోసుకొచ్చి రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చోబెట్టడం, ఆ దారిలో జీపుల మరమ్మతుకు వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి.

కొన్నేళ్లకు పని మీద భైంసా వెళ్లినప్పుడు పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర ఖాజా కనిపించాడు. కావలి పని చేస్తున్నాడు. చాయ్ తాగించాడు. స్టీరింగు ముట్టలేదని, బస్సెక్కినా వెనకే కూర్చుంటానని చెప్పాడు. సుగుణమ్మ గారి సంగతి నన్నే అడిగాడు. నాకూ తెలియదన్నాను.

"ఒక్క మాట అడుగుత సాబ్" అన్నాడు నేను లేస్తుంటే. "వేలు కాలిన నాడు నేను జిద్దు చేసి, స్విచ్చి మార్చిందాక బండి తియ్య అంటే, సాబ్ ఉండేటోరే గద?"

ఉండేవారేనని నాకు తెలుసు. అతనికీ తెలుసు. "ఆ జ్వరాల్ల నువ్వు బండి తియ్యనంటే ఆయన నడుచుకుంటనన్న పోయేటోరు" అన్నాను. అది కూడా నిజమే. అతను తల ఊపి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ కేసు తర్వాత నా సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఏ బండికైనా అదనపు లైటు బిగిస్తే దానికి వేరే వైరు, వేరే స్విచ్చి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. లేకపోతే బండి గేటు దాటకూడదు. ఆగి ఆగి వచ్చే లోపాన్ని చల్లటి బండి మీద పరీక్షించి తీర్పు చెప్పకూడదని కొత్తగా చేరిన వాళ్లకు నేర్పాను. లోపం ఏ బరువు మీద, ఏ వేడి మీద, ఏ కుదుపు మీద వచ్చిందో అవన్నీ తిరిగి కల్పించాకే స్విచ్చి తిప్పాలి.

ఇంకొకటి నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. నా పరీక్ష వల్ల నేరం చేయని మనిషి జైలుకు పోకుండా ఆగాడు. దానివల్ల ఆ ఇద్దరిలో ఎవరి దుఃఖమూ తగ్గలేదు, ఒకరిది పెరిగింది కూడా. లోపం కనిపెట్టడం వరకే మా పని. అది తెలిశాక మనుషులు ఎలా బతకాలో చెప్పే విద్య మా దగ్గర లేదు.